వియత్నాం రెండో అంచె లీగ్: రెండో స్థానం జట్టు ఆగిపోయి, మూడో స్థానం జట్టు పైకి ఎలా వెళ్ళింది?

అడిగిన మిత్రులకు నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను. ఉద్యోగం మీద రెండేళ్ళపాటు హోచిమిన్ నగరంలో ఉండబోతున్నారు. ఫుట్‌బాల్ అంటే ఇష్టం కాబట్టి, పెద్ద లీగ్‌తో పాటు దాని కింది లీగ్ 2024–25 పట్టిక కూడా తీసి చూశారు. మొదటి స్థానం జట్టు పై లీగ్‌కు వెళ్ళింది. రెండో స్థానం జట్టు ఉన్నచోటే ఉంది. మూడో స్థానం జట్టు మాత్రం పైకి వెళ్ళింది. కొత్త సీజన్ జాబితా చూస్తే పాత పేర్లు కొన్ని కనిపించనే లేదు. ఇదంతా నిబంధనల ప్రకారమే జరిగిందా, ఇలాంటి లీగ్‌లో ఒక జట్టును మనసుకు దగ్గర చేసుకోవచ్చా అని అడిగారు.

నిబంధనల ప్రకారమే జరిగింది. జట్టును తప్పకుండా ఎంచుకోండి. రెండో స్థానంలో నిలిచిన త్రువాంగ్ తువోయి బిన్ ఫుయోక్, పై లీగ్‌లో చివరి నుంచి రెండోదైన ఎస్‌హెచ్‌బీ డా నాంగ్‌తో ప్లేఆఫ్, అంటే ఇద్దరిలో పై లీగ్‌లో ఎవరు ఉండాలో తేల్చే మ్యాచ్ ఆడి 0–2తో ఓడింది. అందుకే పైకి వెళ్ళలేదు. ఆ తర్వాత కొత్త సీజన్ ముంగిట పై లీగ్ నుంచి క్వాంగ్ నామ్ అనే జట్టు తప్పుకుంది. ఆ ఖాళీని మూడో స్థానంలో ఉన్న పీవీఎఫ్–కాండ్‌తో నింపారు. పేర్లు మారడానికి ప్రధాన కారణం ఫుట్‌బాల్ కాదు. 2025 జూలై 1న వియత్నాం తన 63 రాష్ట్రాలు, నగరాలను కలిపి 34కు కుదించింది. జట్ల పేర్లలో ఉన్న రాష్ట్రాలే కొన్ని లేకుండా పోయాయి.

ఇంతటితో మీ ప్రశ్నకు జవాబు పూర్తయినట్టే. కానీ మీరు అక్కడ రెండేళ్ళు ఉంటారు కాబట్టి, నాకు అర్థం కావడానికి నాలుగైదేళ్ళు పట్టిన విషయం కూడా చెప్పాలి. ఈ లీగ్‌లో పాయింట్ల పట్టికను ఎంత శ్రద్ధగా చదువుతారో, ఆ జట్టు వెనక ఎవరు నిలబడ్డారన్నది అంతే శ్రద్ధగా చదవాలి. రేపటి దేశ ఛాంపియన్, రేపటికి ఉనికే లేకుండా పోయే జట్టు ఇక్కడ ఒకే పట్టికలో పక్కపక్కనే ఉంటాయి. ఏది ఏదో గోల్స్ సంఖ్య చెప్పదు.

నాది భీమవరం ప్రాంతం. రొయ్యల మేత వ్యాపారంలో సాంకేతిక సలహా నా పని. 2013 నుంచి ఏడాదిలో సగం రోజులు మెకాంగ్ డెల్టాలోనే గడుపుతున్నాను. చెరువు గట్టు మీద పని సాయంత్రానికల్లా అయిపోతుంది. ఆ చిన్న ఊళ్ళలో సాయంత్రం వెలిగే పెద్ద దీపాలు స్టేడియానివే. అలా మొదలైంది. అప్పటి నుంచి ప్రతి సీజన్‌కూ ఒక నోటుపుస్తకం పెట్టి ఫలితాలు, జట్టు పేరు, జెర్సీ మీద ఉన్న కంపెనీ పేరు, ఆడిన మైదానం రాసుకుంటున్నాను. ఆ చివరి రెండు గడులు మొదట్లో సరదాగా పెట్టుకున్నవి. ఇప్పుడు నేను ముందు చూసేది వాటినే.

ముందు పేర్ల చిక్కు ఒకటి విప్పుకోవాలి, లేకపోతే వియత్నామీ వార్తల్లో తప్పటడుగు వేస్తారు. పెద్ద లీగ్ వి.లీగ్ 1. దాని కిందిది ఆంగ్లంలో వి.లీగ్ 2, కానీ స్థానికులు దాన్ని 'హాంగ్ న్యత్' అంటారు, అంటే 'మొదటి తరగతి'. మూడో అంచె 'హాంగ్ ని', అంటే రెండో తరగతి. నాలుగోది 'హాంగ్ బా', మూడో తరగతి. ఎవరైనా 'రెండో తరగతి జట్టు' అంటే వాళ్ళు మూడో అంచె గురించి మాట్లాడుతున్నారని గుర్తుంచుకోండి. పై రెండు లీగ్‌లనూ 2011 డిసెంబరులో ఏర్పడిన వీపీఎఫ్ అనే సంస్థ నడుపుతుంది. కింది రెండూ దేశ ఫుట్‌బాల్ సమాఖ్య చేతిలో ఉన్నాయి.

2024–25 సీజన్‌లో వి.లీగ్ 2లో ఆడినవి 11 జట్లు. సొంత మైదానంలో ఒకటి, ఎదుటివారి మైదానంలో ఒకటి చొప్పున ఒక్కో జట్టుకు 20 మ్యాచ్‌లు. బేసి సంఖ్య కాబట్టి ప్రతి వారం ఒక జట్టు ఖాళీగా కూర్చుంటుంది. 2024 అక్టోబరులో మొదలై 2025 జూన్ దాకా సాగింది. మధ్యలో తెత్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ వచ్చింది. ఇంతకుముందు సీజన్ ఏడాది మొదట్లో మొదలై అదే ఏడాది ముగిసేది. 2023–24 నుంచి శరదృతువులో మొదలుపెట్టి మరుసటి వేసవిలో ముగిస్తున్నారు. పైకి నేరుగా వెళ్ళేది ఒక్క జట్టే. రెండో జట్టు పై లీగ్‌లో 14 జట్లలో 13వ దానితో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాలి. ఏడాదంతా పడ్డ కష్టం ఒక్క సాయంత్రం మీద నిలబడుతుంది.

ఆ సాయంత్రం ఎక్కువసార్లు పై జట్టుదే అవుతోంది. 2019లో థాన్ హోవా నిలిచింది, ఫో హియెన్ ఓడింది. 2024లో హా తిన్ నిలిచింది, పీవీఎఫ్–కాండ్ ఓడింది. 2025లో డా నాంగ్ నిలిచింది, బిన్ ఫుయోక్ ఓడింది. ఇది అదృష్టం అనుకోను. పై లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు కూడా ఏడాదంతా తనకంటే బలమైన వాళ్ళతో, విదేశీ స్ట్రైకర్లతో పోరాడి వచ్చి ఉంటుంది. కింది జట్టు ఆ ఏడాది ఎక్కువ మ్యాచ్‌లు బంతిని తన దగ్గరే ఉంచుకుని గెలవడానికి అలవాటు పడి ఉంటుంది. ప్లేఆఫ్‌లో మొదటి గోలు తినగానే ఏమి చేయాలో వాళ్ళకు తెలియడం లేదు. బిన్ ఫుయోక్ విషయంలోనూ నాకు ఇదే కనిపించింది.

ఇప్పుడు ఆ సీజన్ మొదటి మూడు జట్ల కథలు వేర్వేరుగా చెబుతాను. లీగ్ మొత్తం ఈ మూడింటిలో ఉంది.

మొదటిది ఫూ డోంగ్ నిన్ బిన్. నిన్ బిన్ ఉత్తరాన సున్నపురాతి కొండల ఊరు, పర్యాటకులకు బాగా తెలిసిన చోటు. ఆ ఊరికి ఇంతకుముందు ఒక జట్టు ఉండేది. 2013లో జాతీయ కప్పు గెలిచింది. మరుసటి ఏడాదే ఆ జట్టు ఆటగాళ్ళు కొందరు ఆసియా స్థాయి మ్యాచ్‌లో పందేలకు అమ్ముడుపోయారని బయటపడింది. జట్టు లీగ్ మధ్యలో తప్పుకుని మాయమైంది. కప్పు గెలిచిన ఊరికి పదేళ్ళు పెద్ద ఆట లేదు. 2024లో హనోయ్ శివార్లలోని ఫూ డోంగ్ గ్రామం పేరు మీద ఉన్న క్లబ్బును నిన్ బిన్‌కు తీసుకువచ్చారు. ఆ గ్రామం జాంగ్ అనే బాలవీరుడి పురాణగాథకు పుట్టినిల్లు. అందుకే ఆ పేరును తీసేయకుండా కొత్త ఊరి పేరు ముందు ఉంచుకున్నారు. తర్వాత చేసింది ఎవరూ ఊహించనిది. 2021, 2023 సంవత్సరాలకు వియత్నాం ఉత్తమ ఆటగాడైన మిడ్‌ఫీల్డర్ ఎన్‌గుయెన్ హోవాంగ్ డుక్‌ను, జాతీయ జట్టు గోల్‌కీపర్ డాంగ్ వాన్ లామ్‌ను రెండో అంచెకు తీసుకువచ్చారు.

దీని బరువు మీకు తెలియాలంటే ఒక తేదీ చెప్పాలి. 2025 జనవరి 5న బ్యాంకాక్‌లో వియత్నాం, థాయ్‌లాండ్‌ను 3–2తో ఓడించి, రెండు మ్యాచ్‌లు కలిపి 5–3తో ఆగ్నేయాసియా కప్పు గెలిచింది. ఆ జట్టు మధ్య భాగాన్ని నడిపించిన హోవాంగ్ డుక్ ఆ రోజుకు రెండో అంచె ఆటగాడు. కప్పు ఎత్తిన మనిషి తిరిగి వచ్చి చిన్న ఊరి మైదానాల్లో ఆడాడు. ఆ సీజన్‌లో స్టేడియాల మెట్ల మీద కూర్చున్న పదేళ్ళ పిల్లల ముఖాలు చూశాను. టీవీలో మాత్రమే ఉంటాడనుకున్న మనిషి ఇరవై గజాల దూరంలో కార్నర్ కిక్ తీస్తున్నాడు. ఒక్క ఇందుకోసమైనా 2024–25 నా నోటుపుస్తకాల్లో ప్రత్యేకం.

ఇలా పెద్ద ఆటగాడు కిందికి దిగడం వాళ్ళకు కొత్త కాదు. 2002లో హోవాంగ్ ఆన్ యా లాయ్ అనే క్లబ్బు రెండో అంచెలో ఉండగానే, థాయ్‌లాండ్‌లో అందరికీ ఆరాధ్యుడైన స్ట్రైకర్ కియాటిసుక్‌ను తెచ్చుకుంది. పైకి వెళ్ళిన మొదటి ఏడాది 2003లో, మళ్ళీ 2004లో దేశ విజేత అయింది. ఆ క్లబ్బు యజమానిని జనం 'బౌ డుక్' అంటారు. 'బౌ' అంటే జట్టును పోషించే పెద్దమనిషి. ఈ మాట మీరు ప్రతి కాఫీ దుకాణంలో వింటారు. కోచ్ పేరు తెలియని వాళ్ళకు కూడా బౌ పేరు తెలుసు. పట్టిక వెనక ఎవరున్నారో చూడమని నేను అన్నది వాళ్ళు ఆ ఒక్క మాటలో చెప్పుకుంటారు.

రెండో జట్టు బిన్ ఫుయోక్. కంబోడియా సరిహద్దు వైపు, జీడిమామిడి, రబ్బరు తోటల ప్రాంతం. ఆ సీజన్ ముందు జపాన్‌లోని యోకోహామా ఎఫ్‌సీ నుంచి ఎన్‌గుయెన్ కాంగ్ ఫుయోంగ్ ఇక్కడికి వచ్చాడు. పైన చెప్పిన హోవాంగ్ ఆన్ యా లాయ్ క్లబ్బు అకాడమీ తొలి బ్యాచ్ కుర్రవాడిగా పదేళ్ళ కిందట దేశమంతా ఊగిపోయేలా చేసిన ఆటగాడు. విదేశాల్లో ఎక్కువ కాలం బెంచి మీదే గడిచింది. బిన్ ఫుయోక్‌లో అతనికి మళ్ళీ బంతి దొరికింది. హోవాంగ్ డుక్, కాంగ్ ఫుయోంగ్ ఒకే రెండో అంచె లీగ్‌లో ఉండటం మామూలు సంగతి కాదు. ప్లేఆఫ్‌లో ఓడినప్పుడు నాకు నిజంగా బాధ వేసింది. కానీ ఆ జట్టు చెదిరిపోలేదు. రాష్ట్రం డోంగ్ నాయ్‌లో కలిసిపోయాక, డబ్బు పెట్టే త్రువాంగ్ తువోయి కంపెనీ పోషణలోనే త్రువాంగ్ తువోయి డోంగ్ నాయ్ అయింది. మీకు కనిపించకుండా పోయిన పేరు ఇదే. జట్టు ఉంది, ఊరి పేరు మారింది.

మూడోది పీవీఎఫ్–కాండ్. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే కథ. పీవీఎఫ్ 2008లో మొదలైన శిక్షణ సంస్థ. ముందు అకాడమీ, ఆ తర్వాతే జట్టు. హనోయ్ పక్కన హుంగ్ యెన్‌లో దానికి ఉన్న మైదానాలు చూస్తే ఐరోపాలో ఉన్నామా అనిపిస్తుంది. ఫ్రెంచ్ కోచ్ ఫిలిప్ త్రూసియే అక్కడ సాంకేతిక సంచాలకుడిగా పనిచేశాడు, తర్వాత జాతీయ జట్టుకు కోచ్ అయ్యాడు. అక్కడి కుర్రాళ్ళతోనే ఫో హియెన్ అనే జట్టు తయారైంది. పైన చెప్పినట్టు 2019 ప్లేఆఫ్‌లో ఓడింది. తర్వాత అకాడమీ పోలీసు వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ చేతికి వెళ్ళింది, జట్టు పీవీఎఫ్–కాండ్ అయింది. 'కాండ్' అన్నది 'ప్రజా పోలీసు' అనే వియత్నామీ మాటలకు పొడి అక్షరాలు. 2023లో రెండో స్థానం. ఆ ఏడాది పైకి వెళ్ళింది మొదటి జట్టు ఒక్కటే. 2024లో మళ్ళీ రెండో స్థానం, ప్లేఆఫ్‌లో మళ్ళీ ఓటమి. 2025లో మూడో స్థానం. ఇక ఈ ఏడాది కూడా లేదనుకున్నప్పుడు పై నుంచి ఒక కుర్చీ ఖాళీ అయింది.

ఆ కుర్చీ ఎవరిదో తెలుసా? క్వాంగ్ నామ్‌ది. 2023లో పీవీఎఫ్–కాండ్‌ను రెండో స్థానానికి నెట్టి పైకి వెళ్ళిన జట్టు అదే.

క్వాంగ్ నామ్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, క్షమించండి. 2013లో రెండో అంచె గెలిచి పైకి వెళ్ళింది. 2017లో దేశ విజేత అయింది. హనోయ్, హోచిమిన్ నగరాల డబ్బు లేని, తామ్ కీ అనే చిన్న పట్టణం జట్టు. 2020లో కిందికి జారింది. 2023లో మళ్ళీ రెండో అంచె గెలిచి పైకి వచ్చింది. వచ్చాక సొంత మ్యాచ్‌లు పక్కనున్న డా నాంగ్‌లో ఆడాల్సి వచ్చింది. నా నోటుపుస్తకంలో మైదానం గడిలో ఆ మార్పు రాస్తున్నప్పుడే మనసుకు ఏదోలా అనిపించింది. సొంత ఊళ్ళో ఆడని జట్టుకు టికెట్ కొనేది ఎవరు, పిల్లవాడిని భుజాన ఎక్కించుకుని వచ్చేది ఎవరు? 2025 జూలైలో ఆ రాష్ట్రమే డా నాంగ్‌లో కలిసిపోయింది. ఒకే నగర పాలన కింద రెండు పెద్ద జట్లు. కొద్ది వారాలకే క్వాంగ్ నామ్ తప్పుకుంది. పన్నెండేళ్ళలో రెండుసార్లు ఎక్కి, ఒకసారి దేశాన్ని గెలిచి, ఒకసారి దిగి, చివరికి లేకుండా పోయింది. దాని చివరి సీజన్ ఫలితాలు మాత్రమే చూస్తే ఇది తెలియదు. పై లీగ్‌లో నిలబడగలిగిన జట్టు అది, మైదానంలో దిగజారలేదు.

ఇలా చివరి క్షణంలో ఖాళీ అయిన చోటు పట్టికలోని వరుసను బట్టి దానంతట అది నిండదు. పై లీగ్ ఖర్చు భరించాలి, మైదానం, యువ జట్లు, లైసెన్సు షరతులు అన్నీ తీర్చాలి, అదీ కొద్ది రోజుల్లో. అకాడమీ, మైదానాలు, ఒక ప్రభుత్వ శాఖ వెనక ఉన్న జట్టు అలాంటి పిలుపుకు సిద్ధంగా ఉంటుంది. అందుకే మూడో స్థానం పైకి వెళ్ళడం నాకు వింతగా అనిపించలేదు.

రేపటి ఛాంపియన్లు ఇక్కడే ఉంటారని మొదట్లో అన్నాను. అది మాటవరసకు అన్నది కాదు. 2017లో రెండో అంచె గెలిచింది నామ్ డిన్. అదే జట్టు 2023–24లోనూ, 2024–25లోనూ దేశ విజేత. 2018లో గెలిచింది సైన్యానికి చెందిన టెలికాం సంస్థ జట్టు వియత్తెల్, రెండేళ్ళకే 2020లో దేశ విజేత. 2022లో గెలిచింది పోలీసు జట్టు, పేరు మార్చుకుని హనోయ్ పోలీసు జట్టుగా 2023లో పైకి వెళ్ళిన మొదటి ఏడాదే దేశ విజేత. ఇంత తొందరగా కింది నుంచి శిఖరానికి చేరే దారి చాలా దేశాల్లో ఉండదు. వెనక బలమైన సంస్థ ఉంటే ఇక్కడ ఉంది. ఇంకో విశేషం: 2025లో జరిగిన కలయికలో నామ్ డిన్ రాష్ట్రం నిన్ బిన్‌లో కలిసింది. అంటే ఆ ఏడాది మొదటి అంచె విజేత, రెండో అంచె విజేత ఇప్పుడు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి.

దారి తలకిందులు కావడం కూడా అంతే తొందర. బిన్ డిన్ 2020లో రెండో అంచె గెలిచింది, 2023–24లో పై లీగ్‌లో రెండో స్థానం సాధించింది, మరుసటి ఏడాది చివరి స్థానంతో కిందికి వచ్చింది. సైగాన్ ఎఫ్‌సీ మరీ విషాదం. హనోయ్‌లో పుట్టి రెండో అంచె గెలిచిన జట్టును 2016లో దక్షిణానికి తరలించి సైగాన్ పేరు పెట్టారు. 2022లో కిందికి జారింది. మరుసటి సీజన్‌కు జట్టే లేదు. వెయ్యి మైళ్ళ దూరం నుంచి తెచ్చిన జట్టు ఆరేళ్ళలో ఆ నగరం మట్టిలో వేళ్ళూనుకోలేకపోయింది.

పేర్ల మార్పు గురించి ఒక జాగ్రత్త. జట్టు పేరులో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి: డబ్బు పెట్టే సంస్థ, ఊరు. రెండూ మారవచ్చు. డెల్టాలో కొన్ని జట్ల పేరు ముందు రాష్ట్ర ప్రభుత్వ లాటరీ సంస్థ పేరు కూడా ఉండేది. 2025 తర్వాత ఊరి భాగం కూడా కదిలింది. లాంగ్ ఆన్ రాష్ట్రం తై నిన్‌లో, బా రియా–వుంగ్ తావ్ హోచిమిన్ నగరంలో, హోవా బిన్ ఫూ థోలో కలిశాయి. మనకు తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయి సంఖ్య పెరిగింది, అక్కడ కలిసిపోయి తగ్గింది. మనకు కొత్త జిల్లా పేరు నోటికి రావడానికి ఎంత కాలం పట్టిందో గుర్తు తెచ్చుకుంటే, ఒక అభిమాని తన ఊరి పేరు జెర్సీ మీద లేకపోవడాన్ని ఎలా భరిస్తాడో అర్థమవుతుంది. కాబట్టి పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టి పేర్లు పోల్చకండి. ఆటగాళ్ళ జాబితా, మైదానం పోల్చండి. నేను మొదటి రెండేళ్ళు పేర్లు మాత్రమే పోల్చి, పాత జట్టును కొత్త జట్టుగా రాసి, మూడు సీజన్ల లెక్క తిరిగి రాయాల్సి వచ్చింది.

చేదు సంగతి కూడా దాచను. ఈ అంచెలో జీతాలు ఆలస్యం కావడం, పందేల ముఠాలు కుర్రాళ్ళకు వల వేయడం రెండూ ఉన్నాయి, రెండింటికీ సంబంధం ఉంది. 2024లో కూడా ఈ లీగ్ ఆటగాళ్ళు కొందరి మీద మ్యాచ్ ఫలితం అమ్ముకున్నారన్న కేసు నమోదైంది. నాకు తెలిసిన ఒక కుర్రవాడు డెల్టాలోని ఒక జట్టులో డిఫెండర్. తండ్రి చేపల చెరువు నాకు తెలుసు, మేత మేమే వేసేవాళ్ళం. ఒక సీజన్‌లో అతనికి కొన్ని నెలలు జీతం రాలేదు. ఎవరో మధ్యవర్తి ఫోను చేసి ఒక మ్యాచ్‌లో తగ్గి ఆడితే పెద్ద మొత్తం ఇస్తానన్నాడు. అతను ఫోను పెట్టేసి, సెలవు అడిగి ఇంటికి వచ్చి, తండ్రితో కలిసి చెరువులో వల లాగాడు. తర్వాత ఆట మానేశాడు. ఇప్పుడు చెరువులు చూసుకుంటున్నాడు. తగ్గి ఆడలేదు అన్న సంగతి అతనికి, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు, నాకు మాత్రమే తెలుసు. ఏ పట్టికలోనూ ఉండదు. అతను నిలబడాల్సిన చోట నిలబడ్డాడు, అతని జీతం ఇవ్వాల్సిన వాళ్ళే నిలబడలేదు. అందుకే ఒక జట్టు వరుసగా నాలుగైదు మ్యాచ్‌లు అకారణంగా ఓడితే, ముందు ఆటగాళ్ళను తిట్టకండి. జీతాలు అందుతున్నాయా అని స్థానిక వార్తల్లో వెతకండి.

ఇక మీరు ఎవరిని అభిమానించాలి? బలమైన పోషకుడు ఉన్న జట్టును ఎంచుకుంటే పైకి వెళ్ళే ఆనందం దొరుకుతుంది. నా మనసు మాత్రం పాత జట్ల వైపే లాగుతుంది. డోంగ్ థాప్ 1989లో, 1996లో దేశ విజేత. దాని మైదానం కావ్ లాన్ పట్టణంలో ఉంది, చుట్టూ పంగాసియస్ చేపల చెరువులు, మన కొల్లేరు పక్క ఊళ్ళు గుర్తొస్తాయి. లాంగ్ ఆన్ 2005, 2006లలో పోర్చుగీసు కోచ్ కాలిస్టో చేతిలో వరుసగా దేశాన్ని గెలిచింది. మధ్య వియత్నాంలోని హ్వే 1995లో రెండో స్థానం. 2024–25 సీజన్‌లో ఈ మూడూ రెండో అంచెలోనే ఆడాయి. ఇలాంటి చోట గ్యాలరీలో మీ పక్కన కూర్చునే డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఆ విజేత జట్టును కళ్ళారా చూసి ఉంటాడు. ఒకసారి కావ్ లాన్‌లో అలాంటి పెద్దాయన ఒకరు విరామం మొత్తం నాకు 1996 జట్టు ఎలా నిలబడేదో పొద్దుతిరుగుడు గింజలు మెట్టు మీద పేర్చి చూపించారు. నాకు అప్పటికి వియత్నామీ సగమే వచ్చు. అయినా ఎడమ వింగ్ గింజ ఎంత ముందుకు వెళ్ళేదో పూర్తిగా అర్థమైంది.

మీరు ఉండేది హోచిమిన్ నగరంలో కాబట్టి, లాంగ్ ఆన్ మైదానం ఉన్న తాన్ ఆన్ మీకు అన్నిటికంటే సులువు. నగరం నుంచి నైరుతిగా 50 కిలోమీటర్లకు లోపే, బస్సులో వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. బా రియా, బియెన్ హోవా మైదానాలు కూడా ఒక రోజులో చూసి వచ్చే దూరమే. డోంగ్ థాప్ వెళ్ళాలంటే రాత్రికి అక్కడే ఉండేలా చూసుకోండి, పొద్దున సా డెక్ పట్టణంలో హు తియూ నూడుల్స్ తిని రండి.

నాలుగు మాటలు ముందే నేర్చుకోండి. 'తాంగ్ హాంగ్' అంటే పై అంచెకు వెళ్ళడం. 'సువాంగ్ హాంగ్' అంటే కిందికి జారడం. 'సాన్ న్యా' అంటే సొంత మైదానం. నాలుగోది 'యాయ్ థే', అంటే జట్టును రద్దు చేయడం. సీజన్ ముగిసిన తర్వాత జూన్ నుంచి ఆగస్టు దాకా వార్తల్లో ఈ నాలుగో మాట కోసం చూడండి. జట్లు పేర్లు నమోదు చేసుకునే గడువు అప్పుడే ఉంటుంది. అసలు సీజన్ ఎవరెవరితో నడుస్తుందో ఆ వారాల్లోనే తేలుతుంది. నేను కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో జట్ల పేర్లు ఆ గడువు దాటే వరకూ పెన్సిల్‌తోనే రాస్తాను.

మ్యాచ్‌కు వెళ్ళేటప్పుడు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. చిన్న ఊళ్ళలో టికెట్ గేటు దగ్గరే దొరుకుతుంది. ఎదురుగా ఏదో ఒక కాఫీ దుకాణం ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని కండెన్స్‌డ్ మిల్క్, మంచు ముక్కలు వేసిన కాఫీ తాగుతూ అరగంట ముందే వెళ్ళి కూర్చోండి. అభిమానులు జట్టు గురించి మాట్లాడుకునేది అక్కడే. దక్షిణాన మే నుంచి నవంబరు దాకా సాయంత్రం వాన ఖాయం, సీజన్ మొదటి వారాలూ చివరి వారాలూ ఆ వానల్లోనే పడతాయి. పల్చటి ప్లాస్టిక్ వానకోటు సంచిలో ఉంచుకోండి. గొడుగు తీసుకెళ్ళకండి, వెనక కూర్చున్న వాళ్ళకు అడ్డం అవుతుంది. మీరు ఏ జట్టును ఎంచుకున్నారో, మొదటి మ్యాచ్ ఎక్కడ చూశారో వెళ్ళాక ఇక్కడే రాయండి. తాన్ ఆన్ అయితే ఏ వైపు మెట్ల మీద కూర్చుంటే పొద్దు కంట్లో పడదో నేను చెబుతాను.